గురువుగారు నీ ప్రశ్నను ఏం చేస్తారో చూడు

అమ్మాయ్, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడాదిగా ఆదివారం ఆదివారం మీ పెద్దమ్మగారితో కలిసి సత్సంగానికి వెళ్తున్నావు. గురువుగారిని మొదటిసారి చూసినప్పుడు కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. ఇప్పుడేమో ఈ గురుపూర్ణిమకు దీక్ష తీసుకోమంటున్నారు, దక్షిణ 11,116 రూపాయలు. నాన్నగారు వద్దంటున్నారు. నీకేమో అనుమానం తీరలేదు. గురువును పరీక్షించడం మహాపాపం అని పెద్దమ్మ అంటోంది. ఆయన నిజమైన గురువో కాదో ఎలా తెలుస్తుంది, తెలిశాక ఆయన దగ్గర ఎలా నేర్చుకోవాలి అని కదా అడిగావు.

నాకు 66 ఏళ్ళు. తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్ళు ఒక ఆశ్రమాన్ని అంటిపెట్టుకుని తిరిగి, బయటికొచ్చాను. ఆ తర్వాత మా ఊళ్ళోనే ఒక పెద్దాయన దగ్గర, ఆయన పోయేదాకా, పద్నాలుగేళ్ళు పాఠం విన్నాను. రెండూ చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను. మా అమ్మాయిది నీ వయసే, అందుకని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు పెద్దమ్మ మాట సంగతి. పరీక్షించడం పాపమని ఏ ఉపనిషత్తూ చెప్పలేదు. గురువు దగ్గరికి వెళ్ళమని చెప్పే మంత్రం ముండకోపనిషత్తులో ఉంది, 'తద్విజ్ఞానార్థం స గురుమేవాభిగచ్ఛేత్' అని. అందరూ ఆ సగమే చదువుతారు. మంత్రం మొదలయ్యేది 'పరీక్ష్య' అనే మాటతో. కర్మలతో సంపాదించుకునే లోకాలన్నిటినీ పరీక్షించి చూసి, అవి నిలిచేవి కావని తెలుసుకున్నవాడు గురువు దగ్గరికి వెళ్తాడట. స్వర్గాన్నే పరీక్షించి పక్కన పెట్టగలిగినవాణ్ణి, గురువు గుమ్మం దగ్గరికి రాగానే ఆ బుద్ధిని చెప్పులతో పాటు బయట విడిచి రమ్మనడం ఎక్కడి న్యాయం?

కలకత్తా దగ్గర దక్షిణేశ్వరంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. రామకృష్ణ పరమహంస దగ్గరికి యోగేన్ అనే కుర్రాడు వచ్చేవాడు. తర్వాత స్వామి యోగానంద అయ్యాడు (అమెరికా వెళ్ళిన పరమహంస యోగానంద వేరే ఆయన). ఒక రాత్రి పరమహంస గదిలోనే పడుకున్నాడు. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే పరమహంస పక్క మీద లేరు. బయటికి వెళ్ళారేమో అనుకుంటే నీళ్ళచెంబు ఉన్నచోటే ఉంది. ఆయన భార్య శారదాదేవి ఉండే నహబత్ అనే చిన్న కట్టడం అక్కడికి నాలుగడుగులే. కుర్రాడి మనసులో అనుమానం పడింది. పగలు వైరాగ్యం చెప్పి రాత్రి భార్య దగ్గరికి వెళ్తున్నారా అని నహబత్ తలుపు మీద కన్నేసి చీకట్లో నిలబడ్డాడు. కాసేపటికి చెప్పుల చప్పుడు వినిపించింది, అటు వైపు నుంచి కాదు, ధ్యానం చేసుకునే పంచవటి చెట్ల వైపు నుంచి. పరమహంస ధ్యానం నుంచి వస్తున్నారు. 'ఇక్కడెందుకు నిలబడ్డావు?' అన్నారు. కుర్రాడు సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆయనకు అర్థమైంది, కోపం రాలేదు. మంచి పనే చేశావు, సాధువును పగలు చూడాలి, రాత్రి చూడాలి, అప్పుడే నమ్మాలి అన్నారు.

తర్వాత వివేకానందుడైన నరేంద్రుడూ అంతే. పరమహంస డబ్బు ముట్టుకోలేరంటే నమ్మక, ఆయన లేనప్పుడు పరుపు కింద రూపాయి పెట్టాడు. ఆయన వచ్చి కూర్చోబోయి ఉలిక్కిపడి లేచారు. సంగతి తెలిశాక సంతోషించారు. షరాబు నాణెం మోగించి చూసినట్టు నన్ను చూడు అనేవారాయన.

ఈ రెండు కథల్లో నన్ను పట్టుకున్నది ఆయన పరీక్షలో నెగ్గడం కాదు, అనుమానించిన కుర్రాళ్ళను ఏమీ అనకపోవడం. వాళ్ళ అనుమానాన్ని సాధనలో భాగంగా తీసుకున్నారు. నువ్వు చూడాల్సింది అది.

ఇక కన్నీళ్ళు. నువ్వు చెప్పింది అబద్ధమని అనను. నాకూ వచ్చాయి. కానీ తిరుమలలో గంటలకొద్దీ క్యూలో నిలబడి, ఆ క్షణం దర్శనానికి కూడా వస్తాయి. మంచి గొంతు రాత్రివేళ రామదాసు కీర్తన ఎత్తుకుంటే వస్తాయి. పుట్టింటి అరుగు చూసినా వస్తాయి. అవి నీ లోపల ఉన్న ఆర్తికి గుర్తు. ఎదుటి మనిషి యోగ్యతకు సాక్ష్యం కావు. ఆ రోజు ఆ హాల్లో ఆయన బదులు ఇంకొకరు కూర్చున్నా, నీ మనసు ఆ స్థితిలో ఉంటే, ఆ నీళ్ళు వచ్చేవే. దీన్ని ఒప్పుకోవడం నాకు చాలా కష్టమైంది, ఏళ్ళు పట్టింది. నువ్వు ముందే తెలుసుకుంటే మంచిది. 'మనది పూర్వజన్మ సంబంధం, నీ కోసమే ఎదురుచూస్తున్నాను' అని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్తగా ఉండు. ఆ మాట వినాలని ప్రతి మనసూ కోరుకుంటుంది.

జనాన్ని చూసీ నమ్మకు. 2017 ఆగస్టులో పంచకులలో, 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్‌లో కోర్టులు అత్యాచారం కేసుల్లో దోషులని తేల్చిన ఇద్దరు బాబాలకూ లక్షల్లో శిష్యులుండేవారు. మహిమల సంగతి యోగసూత్రాల్లో పతంజలి ఒక్క సూత్రంతో తేల్చేశాడు: 'తే సమాధావుపసర్గాః' అని, ఆ మహిమలు సమాధికి అడ్డంకులు. అడ్డంకిని బోర్డు మీద రాసి చూపించుకునేవాడు నీకు దారేం చూపిస్తాడు?

మరి దేన్ని చూడాలి? గీత నాలుగో అధ్యాయంలో జ్ఞానం ఎలా తెలుసుకోవాలో చెప్తూ మూడు మాటలు వాడారు: 'ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా'. సాష్టాంగపడు, ప్రశ్నించు, సేవ చెయ్యి. మన ఆశ్రమాల్లో మొదటిదీ మూడోదీ దివ్యంగా జరుగుతాయి. పాదపూజలకు లోటుండదు, కూరగాయలు తరగడానికీ వడ్డించడానికీ చెప్పులు సర్దడానికీ జనం పోటీపడతారు. మధ్యమాటే మాయమవుతుంది. అది వట్టి ప్రశ్న కూడా కాదు, 'పరి' చేర్చిన ప్రశ్న. చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ అడగడం. బంధం ఎలా వచ్చింది, మోక్షం ఎలా వస్తుంది, విద్య ఏది, అవిద్య ఏది అని అడగాలని శంకరులు అక్కడ భాష్యం రాశారు.

నేను తొమ్మిదేళ్ళున్న చోట ప్రశ్నలకు ఒక పద్ధతి ఉండేది. శనివారం సాయంత్రం చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. కార్యకర్తలు ఏరతారు. ఆదివారం ప్రవచనం చివర మూడో నాలుగో చదువుతారు. ఒకసారి నేను రాశాను, 'దేహం నేను కాదని స్వామివారు చెప్తున్నారు, మరి స్వామివారి దేహానికి రోజుకు మూడుసార్లు అభిషేకం ఎందుకు?' అని. వెటకారం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. చీటీ చదవలేదు. భోజనాల దగ్గర ఒకావిడ నా పక్కన కూర్చుని మెల్లగా, 'టీచరుగారూ, అలాంటివి అడక్కూడదండీ, మీ అహంకారం ఇంకా కరగలేదు' అంది. తర్వాతి వారం నా చోటు ముందు వరుస నుంచి స్తంభం వెనక్కి మారింది. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటిదాకా నవ్వుతూ పలకరించినవాళ్ళు తల తిప్పుకున్నారు. తప్పు నాదేనని ఆ తర్వాత రెండేళ్ళు నమ్మాను. ఆ రెండేళ్ళు నాకు ఇప్పటికీ బాధ. బిడ్డ చదువు పట్టించుకోకుండా అక్కడ అరిసెలు వండుతూ గడిపాను.

ఆ పెద్దాయన దగ్గర జరిగిందీ చెప్తాను. ఆయన రిటైరైన సంస్కృతం మాస్టారు. వీధరుగు మీద చాప వేసుకుని సాయంత్రం ఐదింటికి పాఠం, మేం ఐదారుగురం. ముండకమే నడుస్తోంది. గురువు ఎలాంటివాడై ఉండాలంటే 'శ్రోత్రియం బ్రహ్మనిష్ఠం' అన్న మాట దగ్గర, శ్రోత్రియుడంటే వేదం కంఠస్థం వచ్చినవాడు, అంతే అని చెప్పారు. ఇంటికెళ్ళి శంకరుల భాష్యం చూసుకుంటే 'అధ్యయనశ్రుతార్థసంపన్నం' అని ఉంది. వల్లించడమే కాదు, అర్థం కూడా విని ఉండాలి. మర్నాడు భయపడుతూనే అన్నాను, 'మాస్టారూ, భాష్యంలో అర్థం అన్న మాట కూడా ఉందండీ' అని. ఆయన కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. అట్ట ఊడిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ పంక్తి మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. 'నువ్వు చెప్పిందే నిజమమ్మా, నిన్న నేను తప్పు చెప్పాను' అన్నారు. అంతటితో ఆగలేదు. నిన్న వచ్చి ఇవాళ రానివాళ్ళు ఇద్దరుంటే, వాళ్ళు వచ్చిన రోజున మళ్ళీ ఆ మాట ఎత్తి, 'ఈవిడ దిద్దింది' అని చెప్పారు. అప్పుడు ఆయనకు 74 ఏళ్ళు.

ఆయన పాదాలకు నేను నిజంగా నమస్కరించింది ఆ రోజే.

అందుకని నేను పెట్టుకున్న కొలబద్ద ఇది. నీ ప్రశ్న ఆయన చేతిలో ఏమవుతోంది? జవాబు వస్తోందా, 'తెలియదు' వస్తోందా, లేక నీ వైపే తిరిగి వస్తోందా? 'నీకు శ్రద్ధ చాలలేదు', 'అది నీ కర్మ', 'తర్కంతో అందదు' — ఇవి ఒకోసారి నిజమే కావచ్చు. కంటికి అందని పరోక్షం గురించి అడిగినప్పుడు తర్కంతో అందదనడం సబబే. డబ్బు లెక్కల గురించి అడిగినప్పుడు ఆ మాట వస్తే సంచీ సర్దుకో.

ఆయన్ని వేదిక వైపు నుంచి కాకుండా వంటింటి వైపు నుంచి చూడు. తిరువణ్ణామలైలో రమణ మహర్షి తెల్లవారకముందే వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారు. పంక్తిలో తనకు ఇంకొకరి కంటే ఒక ముక్క ఎక్కువ వడ్డించినా ఒప్పుకునేవారు కాదు. సూరి నాగమ్మగారు 1945 నుంచి అక్కడి సంగతులు తెలుగులో ఉత్తరాలుగా రాశారు కదా, అందులో సిద్ధాంతం కంటే ఇలాంటి రోజువారీ విషయాలే ఎక్కువ. గురువు ఎలా ఉంటారో ఆ ఉత్తరాల్లో తెలిసినంతగా నాకు పెద్ద గ్రంథాల్లో తెలియలేదు. మీ గురువుగారు డ్రైవరుతో ఎలా మాట్లాడతారో, కాఫీ చల్లారితే తెచ్చిన పిల్లను ఏమంటారో, కారులో వచ్చినవాళ్ళనూ బస్సు దిగి నడిచి వచ్చినవాళ్ళనూ ఒకేలా పలకరిస్తారో లేదో గమనించు. ఏర్పేడు వ్యాసాశ్రమం మలయాళ స్వామివారు 1920లలోనే కులం, ఆడా మగా తేడా లేకుండా సంస్కృతం, వేదాంతం చెప్పించారు. ఆ రోజుల్లో దానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. ఎవరిని దగ్గరికి రానిస్తున్నారు అన్నది బోధలో భాగమే.

అంతకంటే ముఖ్యంగా, అక్కడ పదేళ్ళు, పదిహేనేళ్ళుగా ఉన్నవాళ్ళను చూడు. కొత్తగా వచ్చినవాళ్ళ ముఖాల్లో వెలుగు ఎక్కడైనా ఉంటుంది. పాతవాళ్ళు ఎలా తయారయ్యారు? మెత్తబడ్డారా, బిగుసుకుపోయారా? బయటివాళ్ళ గురించి ఎలా మాట్లాడుకుంటున్నారు? గురువుగారి దగ్గర చనువు కోసం ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటున్నారా? వదిలి వెళ్ళినవాళ్ళ మాటొస్తే ఏమంటారు? నేను బయటికొచ్చాక నాకు పిచ్చి పట్టిందని చెప్పుకున్నారు. ఎవరైనా వదిలి వెళ్ళారేమో కనుక్కుని, కుదిరితే వాళ్ళతోనూ ఒక గంట మాట్లాడు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. దక్షిణ ఇవ్వడం మన పద్ధతి, తప్పు కాదు. చదువు చెప్పినవాళ్ళ కడుపు నిండాలి. కానీ దక్షిణ విద్య తర్వాత వస్తుంది, ముందు కాదు. రేటు కట్టి, గడువు పెట్టి అడిగేదాన్ని రుసుము అంటారు. రశీదు అడుగు. ఇవ్వకపోతే నీకు ఒక జవాబు దొరికినట్టే. శిష్యుల విత్తాన్ని హరించే గురువులు బోలెడుమంది, శిష్యుల హృత్తాపాన్ని హరించే గురువే దుర్లభం అన్న శ్లోకం, గురువును కీర్తించే గురుగీతలోనే ఉంది. కొన్నిచోట్ల ఆ గురుగీతే పారాయణ చేయిస్తారు, ఆ శ్లోకం దగ్గర మాత్రం ఎవరూ ఆగరు.

ఆ పుస్తకంలోనిదే ఇంకో మాట చెప్పి భయపెడతారు: శివుడికి కోపమొస్తే గురువు కాపాడతాడు, గురువుకు కోపమొస్తే కాపాడేవాడు లేడని. వెళ్ళిపోతే వంశానికి అరిష్టమని, గురుద్రోహమని. భయం చూపించి పట్టి ఉంచే చోట వేదాంతం ఉండదమ్మా. అభయమే బ్రహ్మమని చెప్పే శాస్త్రం మనది.

ఆడపిల్లవి కాబట్టి ఇదొకటి సూటిగా చెప్తాను. ఏకాంత దర్శనం, రాత్రివేళ ప్రత్యేక ఉపదేశం, తలుపులు వేసిన గది, 'ఇది ఇంట్లో చెప్పకు' — ఈ నాలుగింటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆఖరు. మంత్రం గోప్యంగా ఉంచుకోవడం సంప్రదాయమే. గురువు ప్రవర్తన గోప్యంగా ఉంచమనడం ఏ సంప్రదాయమూ కాదు. అలాంటిది ఏదైనా జరిగితే 112కో, మహిళల కోసమే ఉన్న 181కో ఫోన్ చెయ్యి. గురుద్రోహం అన్న మాట అప్పుడు గుర్తు చేసుకోకు.

గోప్యం అంటే రామానుజులు గుర్తొస్తారు. శ్రీరంగం నుంచి తిరుక్కోట్టియూరుకు పద్దెనిమిదిసార్లు తిరిగితే గాని అక్కడి గురువు గోష్ఠీపూర్ణులు ఆయనకు మంత్రార్థం చెప్పలేదట. ఎవరికీ చెప్పకు, చెపితే నరకమే అని ఆజ్ఞ. రామానుజులు ఆ ఊరి గుడి గోపురం ఎక్కి జనానికంతటికీ చెప్పేశారు. ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోతేనేం అన్నారు. ఆ గురువు శపించలేదు, కౌగిలించుకున్నాడు. శిష్యుడి మనసు తన కంటే పెద్దదని ఒప్పుకోగలిగాడు. మన భాగవతంలో బలి సంగతీ చూడు. వామనుడు అడిగిన దానం ఇవ్వొద్దని గురువు శుక్రాచార్యుడు గట్టిగా చెప్పాడు, నష్టం ఉందన్న మాటా నిజమే. బలి వినలేదు. 'కారే రాజులు' అన్న పద్యం పోతనగారు రాసింది, గురువు మాట కాదన్న శిష్యుడి నోట. చిన్నప్పుడు దాన్ని అందరం బట్టీ పట్టాం, గురువును కాదన్న పద్యమని మాత్రం ఎవరూ అనుకోం. ఎవరైనా ఏకలవ్యుణ్ణి చూపించి నీ దగ్గర ఏదైనా అడిగితే, అక్కడ గురువు ఏమీ నేర్పలేదు సుమా అని గుర్తు పెట్టుకో.

సరే, ఆయన మంచివారే అని తేలిందనుకో. నేర్చుకోవడం ఎలా అన్నావు. ఇది నీ చేతిలో ఉన్న పని, ఎవరూ ఎక్కువగా మాట్లాడని పనీ ఇదే.

శిష్యుడు పావు భాగం గురువు దగ్గర నేర్చుకుంటాడు, పావు భాగం తన బుద్ధితో, పావు తోటి విద్యార్థుల వల్ల, పావు కాలక్రమేణా అని పాత శ్లోకం ఒకటుంది, 'ఆచార్యాత్ పాదమాదత్తే' అని. గురువు వాటా నాలుగణాలే. ఆయన్నుంచే మొత్తం రూపాయి రావాలని కూర్చుంటే ఆయన్ని దేవుణ్ణి చెయ్యాల్సొస్తుంది, ఆ తర్వాత ఆయన చిన్న పొరపాటు చేసినా మన కాళ్ళ కింద నేల కదిలిపోతుంది.

ప్రవచనం వినడం వేరు, పాఠం వినడం వేరు. ప్రవచనంలో రెండు గంటల్లో పది పురాణాలు తిరిగొస్తాం, కడుపు నిండినట్టుంటుంది, ఇంటికొచ్చి చెప్పమంటే ఒక ముక్క రాదు. ఇప్పుడు యూట్యూబులో అన్నీ ఉన్నాయి, నేనూ వింటాను, మంచివే. కానీ ఎవరి దగ్గరైనా ఒక పుస్తకం పట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా వినడంలో ఉన్నది దేనిలోనూ లేదు. వేదాంతంలో తొలి పాఠం లాంటి తత్త్వబోధతో మొదలుపెట్టు, చిన్నది. తర్వాత గీత. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం విద్యాప్రకాశానందగిరి స్వామివారి గీతామకరందం ఇంట్లో ఉంటే పక్కన పెట్టుకో. విన్న రోజే రాత్రి పడుకునే ముందు, పుస్తకం మూసి, విన్నది నీ మాటల్లో పది పంక్తులు రాయి. ఎక్కడ కలం ఆగిందో అదే రేపటి ప్రశ్న. నా దగ్గర అలాంటి నోటుపుస్తకాలు ఇరవై రెండున్నాయి. మొదటిది చూస్తే సగం పేజీలు ఖాళీ. అర్థమైందనుకున్నది ఎంత అర్థం కాలేదో ఆ ఖాళీలే చెప్తాయి.

ప్రశ్న కూడా నీ జీవితంలో నుంచి రావాలి. కావ్యకంఠ గణపతి ముని మన బొబ్బిలి దగ్గర కలువరాయి వారు. సంస్కృతంలో దిట్ట, నవద్వీపంలో పండితుల చేత కావ్యకంఠ బిరుదు పొందినవాడు, ఏళ్ళ తరబడి జపం చేసినవాడు. 1907 నవంబరు 18న తిరువణ్ణామలైలో ఎండలో కొండెక్కి విరూపాక్ష గుహకు వెళ్ళి, తన కంటే ఏడాది చిన్నవాడైన ఒక మౌని కాళ్ళ మీద పడ్డాడు. చదవాల్సిందంతా చదివాను, జపం తనివితీరా చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం ఇప్పటికీ తెలియలేదు అన్నాడు. మౌని కాసేపు ఆయన్ని చూస్తూ ఊరుకుని, తర్వాత రెండు మాటలు చెప్పారు. నేను అన్నది ఎక్కణ్ణుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తుంటే ఆ నాదం ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. అప్పటిదాకా బ్రాహ్మణస్వామి అని పిలిచే ఆ మౌనికి రమణ మహర్షి అని పేరు పెట్టింది గణపతి మునే. జవాబు ఎంత చిన్నదో చూడు. అది అంత లోతుకు దిగడానికి వెనక ఆయన ఏళ్ళ జపం ఉంది. అడిగినవాడు తయారై ఉన్నాడు. ఏ సాధనా చెయ్యకుండా రోజుకో కొత్త ప్రశ్న పట్టుకొస్తే గురువు మాత్రం ఏం చేస్తారు? చెప్పింది నలభై రోజులు చేసి, అప్పుడు అడుగు.

గురువులోనూ లోపాలుంటాయి. మా మాస్టారికి ముక్కోపం. పాఠం మధ్యలో ఫోను మోగితే ఆ రోజుకి పాఠం ఆపేసేవారు. రాజకీయాల మీద ఆయన అభిప్రాయాలు నాకు అస్సలు నచ్చేవి కాదు. అయినా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించుకుని వెళ్ళే శిష్యుడికి ఆచార్యుడే చెప్తాడు: 'యాన్యస్మాకం సుచరితాని తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి'. మాలో మంచి నడవడి ఏదుందో దాన్నే పట్టుకో, మిగతావి వద్దు అని. తనలో 'మిగతావి' ఉన్నాయని ఆచార్యుడే నోరు విప్పి చెప్తున్నాడు. కోపం, మతిమరపు, పట్టుదల ఇవన్నీ ఆ మిగతావాటిలోకి వస్తాయి. మోసం, కామం, క్రూరత్వం రావు. వాటికి భీష్ముడి మాట ఉంది. అంబ విషయంలో తన గురువు పరశురాముడు యుద్ధానికి నిలబడితే, మరుత్తుడు చెప్పినదని ఒక శ్లోకం వినిపించాడు: గర్వించి, చెయ్యదగినదేదో కానిదేదో తెలియక, దారి తప్పిన గురువునైనా విడిచిపెట్టాల్సిందే అని. వదలాల్సి వస్తే నేర్చుకున్న మంచిని తెచ్చుకో. నేను ఆ ఆశ్రమంలో విష్ణుసహస్రం స్వరంతో నేర్చుకున్నాను, ఇప్పటికీ రోజూ చదువుతాను.

ఎవరూ దొరక్కపోతే ఆగిపోనక్కర్లేదు. భాగవతం పదకొండో స్కంధంలో యదువుకు ఎదురైన అవధూత, భూమి, గాలి, కొండచిలువ, తేనెటీగ, పింగళ అనే వేశ్య, ఇలా 24 మంది గురువుల్ని చెప్తాడు. వాళ్ళలో ఒక్కరూ దీక్ష ఇవ్వలేదు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థనే రద్దు చేసి, సత్యానికి దారంటూ లేదన్నారు. నేను ఆయన అన్నదంతా ఒప్పుకోను. మా మాస్టారు లేకపోతే నేను ఎక్కడుండేదాన్నో నాకు తెలుసు. అయినా గురువు కోసం తొందరపడి ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకునేవాళ్ళకు ఆ మాట మంచి మందు.

ఇప్పుడు నీ దీక్ష సంగతి. నేనైతే ఈ గురుపూర్ణిమకు వద్దంటాను. ఏడాది వెళ్ళావు, కానీ నువ్వు రాసినదాంట్లో ఆయన నీకు చెప్పిన పాఠం ఒక్కటీ కనిపించలేదు. దర్శనం ఉంది, అనుభూతి ఉంది, రుసుము ఉంది. ఆషాఢ పూర్ణిమ మళ్ళీ వచ్చే ఏడూ వస్తుంది. ఈ ఆదివారం వెళ్ళినప్పుడు నలుగురి మధ్యలో చెయ్యెత్తకుండా, ప్రవచనం అయ్యాక పెద్దమ్మను పక్కనే ఉంచుకుని, నమస్కారం పెట్టి ఇలా అడుగు: 'గురువుగారూ, నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదండీ, నాకూ కొన్ని సందేహాలున్నాయి. దీక్ష ఇంకో ఏడాది ఆగి తీసుకుంటాను. ఈలోగా మీ దగ్గర గీత మొదటి నుంచి వినాలని ఉంది, రానిస్తారా?' ఆయన ఏమన్నారో, ఎలా అన్నారో, ఆ పక్కన నిలబడ్డవాళ్ళు నీ వైపు ఎలా చూశారో మర్చిపోకముందే రాసి ఇక్కడ పెట్టు. నేను చదువుతాను.